ఏడాదికి కొత్త బేస్ గిటార్లు ఎన్ని అమ్ముడుపోతయి? ఆ లెక్క ఎట్ల కడతరు

మా చిన్నమ్మ కొడుకు కాజీపేటల మ్యూజిక్ సామాన్ల షాపు పెడదామని చూస్తున్నడు. పోయిన నెల ఫోన్ పట్టుకొని ఇంటికొచ్చిండు, అందుల మూడు స్క్రీన్‌షాట్లు, మూడింటిల ప్రపంచ బేస్ గిటార్ మార్కెట్ ఇంత అని మూడు వేరే వేరే అంకెలు, ఒకదానికి ఇంకోదానికి పోలికే లేదు. "అన్నా, నువ్వు ఇన్నేండ్ల సంది చర్చిల బేస్ వాయిస్తున్నవ్ గదా, అసలు ఏడాదికి కొత్తయి ఎన్ని పోతయే? ఇండ్ల ఏది నిజం?" అని అడిగిండు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయిన. పదిహేనేండ్ల సంది ప్రతి ఆదివారం భుజానికి తగిలించుకునే వస్తువు గురించి ఇంత చిన్న ప్రశ్నకి జవాబు దొర్కకపోవుడు నాకు మనసుల పడ్డది, అందుకే కూసొని మొత్తం విప్పి చూసిన.

ఈ సంఖ్యని ఎవ్వరూ లెక్కపెట్టి చెప్పరు, అందరూ అంచనా కడతరు. ఆ అంచనాలు ఎందుకు అంత తేడా వస్తయో అర్థమైతే, ఏ అంకెని ఎంత నమ్మాల్నో మనకే తెలుస్తది.

ముందుగాల బేస్ గిటార్ అంటే ఏది

మామూలు గిటార్‌కి ఆరు తీగలు, బేస్‌కి ఎక్కువగా నాలుగు. అన్నిటికంటే లావు తీగ గిటార్ మీద సుమారు 82 హెర్ట్జ్ పలికితే బేస్ మీద సుమారు 41 హెర్ట్జ్ పలుకుతది, అంటే సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కింద. ఫోన్ స్పీకర్‌ల 41 హెర్ట్జ్ రానే రాదు, మనం ఫోన్‌ల వినేది దాని పై స్వరాలు మాత్రమే, అందుకే చానమందికి పాటల బేస్ ఉన్నదన్న సంగతే తెల్వదు. ఇళయరాజా పాటల బేస్ లైన్లు మంచి హోమ్ థియేటర్ల మొదటిసారి విన్నోళ్లు ఇన్నేండ్లు ఇది ఎక్కడున్నదని ఆశ్చర్యపోతరు.

1930లలో అమెరికాల పాల్ టట్‌మార్క్ అనేటాయన ఎలక్ట్రిక్ బేస్ ఒకటి తయారుచేసిండు గానీ అది జనంలకి పోలేదు. 1951ల లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినంక ఇది అసలైన సరుకైంది. అంతకుముందు బేస్ వాయించాలంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించాలె, అందుల ఫ్రెట్స్ (మెడ మీద అడ్డంగ ఉండే లోహపు గీతలు) ఉండవు, వేలు జర పక్కకి పడితే స్వరం తప్పుతది. ఫ్రెట్స్ ఉంటే స్వరం కచ్చితంగ పడతది గాబట్టి ప్రెసిషన్ అని పేరు పెట్టిండు.

ఈ చరిత్ర ఎందుకంటే లెక్క ఈడ్నే మొదటిసారి తప్పుతది. ఐదు తీగలది బేసే, ఆరు తీగలదీ బేసే. మరి పెద్ద బొక్కతోని వచ్చే అకౌస్టిక్ బేస్? రబ్బరు లాంటి తీగలతోని వచ్చే ఉకులేలే బేస్? నిలబెట్టి వాయించే ఎలక్ట్రిక్ డబుల్ బేస్? గిటార్, చిన్న యాంప్ (శబ్దం పెంచే డబ్బా), బ్యాగు, కేబుల్ అన్నీ కలిపి అమ్మే బిగినర్ ప్యాక్ ఒక బేస్ కింద వస్తదా లేకపోతే "ప్యాక్" అనే వేరే ఖాతాల పడతదా? ఒకాయన అన్నీ కలుపుతడు, ఇంకొకాయన నాలుగు, ఐదు తీగల ఎలక్ట్రిక్ బేస్ మాత్రమే పడతడు. ఇద్దరూ అబద్ధం చెప్తలేరు, ఇద్దరి అంకెలు మాత్రం కలవవు. నేను ఈ వ్యాసంల గట్టి చెక్క బాడీ ఉండి ప్లగ్గు పెట్టి వాయించే బేస్ గురించే మాట్లాడుతున్న, ప్యాక్‌ల వచ్చింది గూడ కలిపి.

"అమ్ముడుపోయింది" అంటే ఎవరి గల్లాపెట్టె దగ్గర

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన చిక్కు ఇది. ఒక బేస్ ఇండోనేషియా ఫ్యాక్టరీల తయారైతది అనుకుందం. ఫ్యాక్టరీ దాన్ని బ్రాండ్‌కి అమ్ముతది, బ్రాండ్ మన దేశపు డిస్ట్రిబ్యూటర్‌కి అమ్ముతది, ఆయన హైదరాబాద్ హోల్‌సేల్ షాపుకి ఇస్తడు, అక్కడికెల్లి హన్మకొండ షాపుకి వస్తది, చివరికి ఒక పిల్లగాడు కొంటడు. ఒక్క బేస్ ఐదుసార్లు అమ్ముడుపోయింది. వ్యాపారంల రెండు మాటలున్నయి, షాపుకి చేరేదాన్ని సెల్ ఇన్ అంటరు, షాపు నుంచి వాయించేటోళ్ల చేతికి పోయేదాన్ని సెల్ త్రూ అంటరు. కంపెనీ "మేం ఇన్ని పంపినం" అంటే అది మొదటిది, అండ్ల ఎన్ని గోడకి వేలాడుతున్నయో ఆ లెక్కల ఉండదు.

మామూలు రోజుల్ల ఈ రెండూ పక్కపక్కనే నడుస్తయి, కరోనా అప్పుడు మాత్రం దూరం జరిగినయి. 2020ల జనం ఇండ్లల్ల కూసొని గిటార్లు నేర్సుకుందామని ఎగబడితే షాపులల్ల సరుకు అయిపోయింది, దుకాణపోళ్లు భయపడి ఎక్కువెక్కువ ఆర్డర్లు పెట్టిన్రు, ఓడల ఆలస్యంతోని ఆ సరుకంత తర్వాత వచ్చి పడ్డది, అప్పటికి జనం వేడి చల్లారింది, గోడౌన్లు నిండినయి. పంపిన లెక్క చూస్తే ఒక ఏడాది పండుగ, చేతికి చేరిన లెక్క చూస్తే ఇంకో ఏడాది పండుగ.

పైనుంచి ఏడాది అంటే ఏ ఏడాది? జపాన్ కంపెనీల లెక్కలు మనలెక్కనే ఏప్రిల్ నుంచి మార్చి దాక, ఇంకో కంపెనీది జనవరి నుంచి డిసెంబర్. రెండూ కలిపి ఒక ఏడాది అంటే మూడు నెలలు అటుఇటు అయితయి. ఇది చిన్న తేడానే, దీని మీద ఎక్కువ టైం పెట్టనవసరం లేదు.

"కొత్త" అనే మాట గూడ అంత సులువేం కాదు. బేస్ త్వరగ పాడుకాదు, 1960లల తయారైనయి ఇప్పటికీ స్టూడియోలల్ల వాయిస్తున్నరు. నేను వాయించేది గూడ నా చేతికి రాకముందు ఇద్దరు వాయించిందే, మెడ కాడ బొటనవేలు ఆనేచోట పాలిష్ అరిగి చెక్క తేలింది. సెకండ్ హ్యాండ్ సరుకు కోసమే 2013ల రివర్బ్ అని ఒక ఆన్‌లైన్ అంగడి మొదలైంది, దాన్ని 2019ల ఎట్సీ కంపెనీ 27.5 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది, పాత సామాను వ్యాపారం ఎంత పెద్దదో దాన్నిబట్టే తెలుస్తది. పాతయి చేతులు మారుడు కొత్త అమ్మకం కాదు, కాకపోతే ప్రతి పాత బేస్ ఒక కొత్త బేస్ గిరాకీని ఎంతో కొంత తింటది.

కంపెనీలు లెక్క బయటపెట్టకపోవుడు ఎందుకు

కంపెనీలని అడిగి కూడితే అయిపోతది గదా అనిపిస్తది. షేర్ మార్కెట్ల ఉన్న కంపెనీ అయితే లెక్కలు జనం ముందర పెట్టాలె, సొంత కంపెనీకి ఆ అవసరం లేదు, గిటార్ ప్రపంచంల పెద్ద పేర్లు ఎక్కువగా సొంత కంపెనీలే. ఫెండర్ 2012 మార్చిల షేర్లు అమ్మడానికి దరఖాస్తు పెట్టి అదే ఏడాది జులైల వెనక్కి తీసుకున్నది. గిబ్సన్ 2018 మేలో దివాలా రక్షణ కోసం కోర్టుకి పోయింది, అట్లాంటప్పుడు కొన్ని కాగితాలు బయటికొస్తయి గానీ అండ్ల అప్పులు, ఆస్తులు ఉంటయి, ఎన్ని బేస్‌లు అమ్మిన్రో ఉండదు. ఐబనెజ్ బ్రాండ్ నడిపే హోషినో గక్కి జపాన్‌ల నగోయాల ఉండే సొంత కంపెనీ.

యమహా మాత్రం టోక్యో మార్కెట్ల ఉన్నది. దాని వార్షిక రిపోర్ట్‌ల పియానోలు, డిజిటల్ వాయిద్యాలు, గిటార్లు అని వేరే వేరే లైన్లుంటయి, గిటార్ల లైను యెన్‌లల్ల ఉంటది గానీ బేస్‌కి విడిగా లైను లేదు. డబ్బు తెలుస్తది, ముక్కలు తెల్వవు.

ఇంకో చిక్కు, తయారుచేసేది ఒకరు, పేరు ఇంకొకరిది. కొరియాకి చెందిన కోర్ట్ కంపెనీకి ఇండోనేషియాల ఫ్యాక్టరీ ఉన్నది, అది తన పేరు మీద గిటార్లు చేసుకుంటది, వేరే బ్రాండ్లకి గూడ చేసిపెడతది. ఫ్యాక్టరీ లెక్క, బ్రాండ్ లెక్క రెండూ కలిపితే ఒకే బేస్ రెండుసార్లు పడతది. చైనాల గ్విఝౌ రాష్ట్రంల ఝెంగాన్ అనే ప్రాంతం గిటార్ల తయారీకి పెద్ద అడ్డా, అక్కడ చేసిన గిటార్లు ఎన్నో దేశాలల్ల ఎన్నో పేర్లతోని అమ్ముడుపోతయి.

కస్టమ్స్ కోడు, బిల్లుబుక్కు: రెండింట్ల ఒకటే కథ

సరే, కంపెనీలు చెప్పకపోతే ఓడరేవుల లెక్క ఉంటది గదా. సరిహద్దు దాటే ప్రతి వస్తువుకి ఒక హెచ్‌ఎస్ కోడు ఉంటది, ప్రపంచ దేశాలల్ల దాదాపు అన్నీ ఇదే పద్ధతి వాడతయి. వాయిద్యాలన్నీ 92వ అధ్యాయంల ఉంటయి. కరెంటు లేకుండ మోగే తీగ వాయిద్యాలు 9202 కింద, కరెంటుతోని మోగేయి లేదా యాంప్ లేనిదే వినపడనియి 9207 కింద. ఈ 9207ల కీబోర్డులకి 920710 అని ఒకటి, మిగిలిన అన్నిటికీ కలిపి 920790 అని ఇంకొకటి. బేస్ ఈ "మిగిలినయి"ల ఉంటది, ఎలక్ట్రిక్ గిటార్, ఎలక్ట్రానిక్ డ్రమ్స్, ప్యాడ్స్ అన్నీ అదే సంచిల. ఎన్ని కోట్ల సరుకు వచ్చిందో తెలుస్తది, అండ్ల బేస్ ఎంతో ఈ ఆరంకెల కోడు చెప్పదు.

ఇది ఎక్కడో జెనీవాల, బ్రస్సెల్స్‌ల ఉన్న సమస్య అనుకున్న. హన్మకొండ చౌరస్తా కాడ నేను స్ట్రింగ్స్ కొనే షాపుకి పోయి, అన్నా, పోయిన ఏడాది బేస్‌లు ఎన్ని పోయినయి అని అడిగితే ఆయన బిల్లుబుక్కు తీసి ముందర పెట్టిండు. కార్బన్ పేపర్ మరకలు, నీలం పెన్ను రాత, ప్రతి పేజీల "గిటార్ 1", "గిటార్ 1 + కవర్", "గిటార్ 1". బేస్ అని ఎక్కడా లేదు, బేస్‌ని గూడ ఆయన గిటార్ అనే రాస్తడు. ధర చూసి, పేరు చూసి, "ఇది ఫాతిమానగర్ పిల్లగాడు, ఇది బేసే" అని వేలు పెట్టి చూపించిండు. ప్రపంచం మొత్తానికి ఉన్న చిక్కు ఆ పేజీల కండ్లముందర కనిపించింది, లెక్క ఉన్నది, విభజన లేదు, విభజన ఒక మనిషి యాదిల మాత్రమే ఉన్నది.

తెలిసిన దానితోని తెల్వనిదాన్ని కట్టుడు

ఇసొంటి ప్రశ్నలకి ఎన్‌రికో ఫెర్మి అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త పేరు మీద ఒక పద్ధతి ఉన్నది. 1945 జులై 16న న్యూ మెక్సికోల మొదటి అణుబాంబు పరీక్ష జరిగినప్పుడు ఆయన దూరం నుంచి కాగితం ముక్కలు కిందికి వదిలిండు, పేలుడు గాలికి అవి ఎంత దూరం జరిగినయో చూసి బాంబు బలం 10 కిలోటన్నులు అని అక్కడికక్కడ లెక్కగట్టిండు. తర్వాత తేలింది 20 కిలోటన్నుల పైనే. సగానికి తప్పింది, కానీ చేతిల కాగితం ముక్కలు తప్ప ఏం లేనోడు వెయ్యి గాదు, వంద గాదు, పదుల్లనే ఉన్నదని పట్టుకున్నడు. మనకు గూడ కావాల్సింది అదే, వేలా, లక్షలా, పది లక్షలా.

ఇప్పుడు బేస్‌కి చూద్దం. 2017ల వాషింగ్టన్ పోస్ట్ ఒక పెద్ద కథనం రాసింది, అమెరికాల ఎలక్ట్రిక్ గిటార్ల అమ్మకం పదేండ్లల్ల ఏడాదికి సుమారు 15 లక్షల నుంచి 10 లక్షల పైచిలుకుకి పడిపోయిందని. ఆ 10 లక్షలు మన మొదటి మెట్టు.

రెండో మెట్టు, ఎన్ని ఎలక్ట్రిక్ గిటార్లకి ఒక బేస్? బ్యాండ్ల చూస్తే ఇద్దరు గిటార్లు, ఒకరు బేస్, అంటే రెండింటికి ఒకటి. కానీ గిటార్లు కొనేటోళ్లల్ల బ్యాండ్ల ఉండేటోళ్లు తక్కువ, ఇంట్ల ఒక్కరే కూసొని వాయించుకునేటోళ్లే ఎక్కువ, ఒక్కడే కూసొని పాట పాడుకోవడానికి బేస్ పనికిరాదు. పైగా గిటార్ వాయించేటాయన నాలుగు గిటార్లు కొంటడు, బేస్ వాయించేటాయన ఒక్కదానితోని యేండ్లు నడుపుతడు. అందుకే నేను ఐదింటికి ఒకటి నుంచి పదింటికి ఒకటి అని పెట్టుకున్న. ఇది నా ఊహనే, మొత్తం లెక్కల బలహీనమైన కీలు గూడ ఇదే. ఐదింటికి ఒకటి అయితే అమెరికాల 2 లక్షలు, పదింటికి ఒకటి అయితే 1 లక్ష.

మూడో మెట్టు, ప్రపంచంల అమెరికా వాటా. డబ్బుల్ల చూస్తే వాయిద్యాలకి అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికానే. సగం అనుకుంటే రెండుతో గుణించాలె, పావు అనుకుంటే నాలుగుతో. ముక్కల్ల లెక్కపెడితే అమెరికా వాటా ఇంకా తగ్గుతది, ఎందుకంటే మనలాంటి దేశాలల్ల తక్కువ ధరవి ఎక్కువ పోతయి.

ఇగ కలుపుదం. కింది అంచు 1 లక్ష ఇంటు 2, అంటే 2 లక్షలు. పై అంచు 2 లక్షలు ఇంటు 4, అంటే 8 లక్షలు. నడిమిది ఎంత? కూడి సగం చేస్తే 5 లక్షలు వస్తది, కానీ ఇది గుణకారాల మీద కట్టిన లెక్క గాబట్టి గుణకారంలనే నడిమి తీయాలె. 4 లక్షలు అనేది 2 లక్షలకి రెట్టింపు, 8 లక్షలకి సగం, రెండు వైపులా సమాన దూరం. నా అంచనా అందుకే ఏడాదికి సుమారు 4 లక్షల కొత్త బేస్‌లు, రెండు రెట్లు అటో ఇటో.

ఎవరన్నా "4,12,350" అని చెప్తే నేను నమ్మను, ఎందుకంటే చివరి నాలుగు అంకెలు తెల్సుకునే దారి ఎక్కడా లేదు. ఎవరన్నా 40 లక్షలు అంటే అడుగుత, అమెరికాలనే 10 లక్షల ఎలక్ట్రిక్ గిటార్లు పోతుంటే ప్రపంచంల 40 లక్షల బేస్‌లు ఎక్కడ పోతున్నయని.

డాలర్లల్ల వచ్చే రిపోర్టుని ముక్కలల్లకి మార్చి చూస్తే

తమ్ముడు తెచ్చిన స్క్రీన్‌షాట్లు అన్నీ డాలర్లల్లనే ఉన్నయి. వాటిని పరీక్షించేది సులువు, సగటు ధరతోని భాగిస్తే ముక్కలొస్తయి. సగటు ధర 300 డాలర్లు అనుకుందం, చౌకయి ఎక్కువ, ఖరీదయినయి తక్కువ గాబట్టి. మన 4 లక్షలని 300తో గుణిస్తే 12 కోట్ల డాలర్లు. ఏదన్నా రిపోర్ట్ బేస్ గిటార్ మార్కెట్ 100 కోట్ల డాలర్లు అన్నదనుకో, 300తోని భాగిస్తే 33 లక్షల బేస్‌లు కావాలె, లేకపోతే 4 లక్షల బేస్‌లే పోయినయి అంటే ఒక్కోటి సగటున 2,500 డాలర్లుండాలె. రెండూ కుదరవు.

అట్లని ఆ రిపోర్ట్ దొంగది అని తొందరపడి అనొద్దు. వాళ్లు యాంప్‌లు, పెడల్స్, స్ట్రింగ్స్, బ్యాగులు అన్నీ కలిపి "బేస్ గిటార్ మార్కెట్" అని ఉండొచ్చు, సెకండ్ హ్యాండ్ కలిపి ఉండొచ్చు, అప్పుడు అంకె సహజంగనే పెరుగుతది. ఏం కలిపిన్రో మొదటి పేజీల రాసిన రిపోర్ట్‌కి విలువ ఉన్నది. ఏం కలిపిన్రో చెప్పకుండ ఏడాదికి ఇంత శాతం పెరుగుతదని దశాంశంతో సహా రాసినదానికి నేను విలువ ఇయ్యను.

సీరియల్ నంబర్లతోని దొంగచాటు లెక్క

ఇంకో దారి ఉన్నది, నాకు మస్తు నచ్చిన దారి. రెండో ప్రపంచ యుద్ధంల జర్మనీ నెలకి ఎన్ని ట్యాంకులు చేస్తున్నదో మిత్రపక్షాలకి కావాలె. గూఢచారుల మాట ప్రకారం 1942 ఆగస్టుల 1,550. పట్టుబడ్డ ట్యాంకుల భాగాల మీద ఉన్న సీరియల్ నంబర్లు చూసి గణాంక శాస్త్రవేత్తలు కట్టిన లెక్క 327. యుద్ధం అయినంక జర్మన్ల రికార్డులు చూస్తే 342. కూసొని నంబర్లు చూసినోళ్లే గెలిచిన్రు.

లెక్క ఇట్ల ఉంటది. ఒక చిన్న కంపెనీ తన బేస్‌లకి 1 నుంచి వరసగా నంబర్లు వేస్తదనుకుందం. మనకి ఐదు బేస్‌లు కనిపించినయి, అండ్ల పెద్ద నంబరు 2,400. మొత్తం ఎన్ని ఉండొచ్చు? పెద్ద నంబర్‌ని చూసిన వాటి సంఖ్యతోని భాగించు, 480. దాన్ని పెద్ద నంబర్‌కి కలిపి ఒకటి తీసెయ్, 2,879. అర్థం ఏందంటే, ఐదు నంబర్లు సగటున ఎంత ఎడంతోని ఉన్నయో, పెద్దదాని మీద గూడ అంతే ఎడం మిగిలి ఉంటదని.

బేస్‌లకి ఇది పూర్తిగ పనిచెయ్యకపోవుడుకి కారణం నంబర్ల పద్ధతి. మెక్సికోల చేసిన ఫెండర్ల మీద 2010 నుంచి ఎమ్‌ఎక్స్ అక్షరాలు, తర్వాత ఏడాది, తర్వాత వరస నంబరు ఉంటది, ఏడాది దొరుకుతది బాగనే ఉన్నది, కానీ ఒకే వరసల గిటార్లు, బేస్‌లు కలిసి పోతే మళ్ళా అదే చిక్కు. ఒక ఫ్యాక్టరీ మూడు బ్రాండ్లకి ఒకే వరస వాడితే ఇంకో చిక్కు. చేత్తో బేస్‌లు మాత్రమే చేసే చిన్న వర్క్‌షాపులకి మాత్రం ఈ లెక్క అచ్చంగ సరిపోతది.

స్ట్రింగ్స్ అమ్మకం చూసి బేస్‌లు లెక్కగట్టొచ్చు గదా అని గూడ ఒకరు అడిగిన్రు. గిటార్ తీగలు తెగుతయి, తుప్పు పడతయి, నెలకో రెండు నెలలకో మారుస్తరు. బేస్ తీగలు లావు, తెగవు, ఒక సెట్టు ధర గిటార్ సెట్టుకి మూడు నాలుగు రెట్లు, కొందరు యేండ్లకేండ్లు మార్చరు. అమెరికాల మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగ తెగితే తప్ప మార్చేటోడు కాదంటరు. అందుకే తీగల అమ్మకం బేస్‌ల సంఖ్యని మస్తు తక్కువ చేసి చూపిస్తది.

తగ్గుతున్నదా, పెరుగుతున్నదా

తగ్గుతున్నదనేటోళ్ల మాట ఈడ వరంగల్‌లనే వినొచ్చు. ఒకప్పుడు పెండ్లి ఆర్కెస్ట్రా అంటే స్టేజీ మీద గిటార్, బేస్, డ్రమ్స్, కీబోర్డ్ అందరూ ఉండేటోళ్లు. ఇప్పుడు ఒక కీబోర్డ్, ఒక ప్యాడ్స్, ఇద్దరు సింగర్లు. కీబోర్డ్ల స్టైల్ ఆన్ చేస్తే ఎడమచెయ్యి ఒకేసారి నొక్కిన స్వరాలని బట్టి బేస్ అదే మోగుతది, ఇంకో మనిషికి పైసలు ఇయ్యనవసరం లేదు. బరాత్‌ల, బతుకమ్మ కాడ, గణేశ్ నిమజ్జనంల గుండె అదిరే బేస్ వినిపిస్తది, అదంతా కంప్యూటర్ల పుట్టిందే. బేస్ శబ్దం ఇంతకుముందు ఎన్నడూ లేనంత ఉన్నది, బేస్ గిటార్ మాత్రం స్టేజీ దిగింది.

పెరుగుతున్నదనేటోళ్ల దగ్గర గూడ బలమున్నది. 2017ల ఎలక్ట్రిక్ గిటార్ చస్తున్నదని రాసిన మూడేండ్లకే, 2020ల ఫెండర్ తన చరిత్రలనే ఎక్కువ అమ్మకాలు చేసిన ఏడాది అన్నది. ఇంట్ల కూసొని రికార్డ్ చేసుకునేటోళ్లకి, మామూలుగ గిటార్ వాయించేటోళ్లకి గూడ ఒక బేస్ కావాలె. మోహినీ డే లాంటి మనదేశపు అమ్మాయి ప్రపంచమంతా తిరిగి బేస్ వాయిస్తుంటే ఆ వీడియోలు చూసి కొనేటోళ్లున్నరు. నా మటుకు నేను చూసేది చర్చి. కాజీపేట, డోర్నకల్, మహబూబాబాద్ వైపు ఆరాధనల డ్రమ్స్, కీబోర్డ్ వచ్చినంక మూడోది బేస్ వస్తున్నది, అది కీబోర్డ్ ఎడమచేతికి దొర్కని ఒక ఊపిరి ఇస్తది, పాట మధ్యల ఎక్కడ ఆగాల్నో, ఎక్కడ సాగాల్నో పాడేటోళ్ల మొహం చూసి వాయిస్తరు గాబట్టి.

ఇద్దరూ నిజమే చెప్తున్నరు, ఎందుకంటే ఒకరు స్టేజీ మీద ఉన్న బేస్‌లని చూస్తున్నరు, ఇంకొకరు ఇండ్లల్ల ఉన్న బేస్‌లని. అమ్మకం లెక్కకి రెండూ ఒకటే, ఇంట్ల మూలకి ఆనిచ్చి పెట్టినా, వారం వారం వాయించినా కొన్ననాడు ఒకటి కిందనే పడతది.

ఉమ్మడి వరంగల్‌కి కింది నుంచి కట్టిన లెక్క

పైనుంచి కట్టింది అయింది, ఇప్పుడు కింది నుంచి. ఈడ అంకెలన్నీ నేను అనుకున్నయే, ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకోవచ్చు.

ఉమ్మడి జిల్లాల పాటల బృందం ఉండేంత పెద్ద చర్చిలు 400 అనుకుందం. ఐదింట్ల ఒకదాని దగ్గర బేస్ ఉన్నదనుకుంటే 80 బేస్‌లు. ఒక బేస్ పదేండ్లకి మారుస్తరనుకుంటే ఏడాదికి 8, అండ్ల సగం సెకండ్ హ్యాండ్‌ల కొంటరు, అంటే కొత్తయి 4. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పోరగాళ్లు, ఇంట్ల నేర్సుకునేటోళ్లు కలిపి 20. రికార్డింగ్ స్టూడియోలు, మిగిలిన ఆర్కెస్ట్రాలు 4. మొత్తం 28.

2011 జనాభా లెక్కల ఉమ్మడి జిల్లా 35 లక్షల మంది. దేశాన్ని 140 కోట్లు అనుకుంటే 400 రెట్లు, 28ని 400తో గుణిస్తే 11,200. దేశం మొత్తానికి ఏడాదికి పదివేల చిల్లర కొత్త బేస్‌లు. షిల్లాంగ్, మిజోరం, నాగాలాండ్, గోవా వైపు ఊరూరికి బ్యాండ్లుంటయి గాబట్టి అక్కడ మనకంటే ఎక్కువ, మన పల్లెలకంటే లోపలికి ఉన్న ప్రాంతాలల్ల తక్కువ. ఐదువేల నుంచి ముప్పైవేల దాక ఏదైనా నాకు ఆశ్చర్యం లేదు. జనాభా 2011ది, దేశం అంకె ఇప్పటిది గాబట్టి ఈ 400 గూడ జర ఎక్కువనే పడ్డది.

ఆ 28ల మూడోవంతు ఈడి షాపులల్ల, మిగతాది హైదరాబాద్‌ల, ఆన్‌లైన్‌ల కొంటరనుకుంటే స్థానిక షాపులన్నిట్ల కలిపి తొమ్మిది. ఈ అంకె పట్టుకొని తమ్మున్ని వెంటేసుకొని మళ్ళా హన్మకొండ షాపుకి పోయిన. షాపు అన్న, నేను పక్కపక్కన కూసొని బిల్లుబుక్కు మొదటి పేజీ నుంచి తిప్పుకుంట, ఆయన యాదికి తెచ్చుకుంట వేలు పెడుతుంటే నేను పెన్సిల్‌తో పక్కన చుక్క పెట్టుకుంట పోయిన. ఏడు చుక్కలు. తమ్ముడు "గింతేనా" అన్నడు. అండ్ల రెండు మంచిర్యాలకి పోయినయి, అవి మన జిల్లా లెక్కల రావు. ఒకటి వారంల వాపస్ వచ్చింది, తండ్రికి ఆరు తీగలది కావాల్నంట, పిల్లగాడు నాలుగు తీగలది కొన్నడు. అదే బేస్‌ని అన్న నెల తర్వాత ఇంకొకరికి అదే ధరకి ఇచ్చిండు, రెండు బిల్లులూ బుక్కులున్నయి.

"ఇది ఒకటి కింద రాసుకుంటవా, రెండు కిందనా?" అని షాపు అన్న అడిగిండు.

తీగల మీద ప్లాస్టిక్ గూడ తియ్యలేదన్నడు. నేను ఒక చుక్క చెరిపేసిన.